మూత తెరిస్తే లేవని లాప్‌టాప్

పోస్టు పొడుగు. ఫోన్ చార్జింగుకు పెట్టుకొని నిదానంగా చదవండి.

మేం హిందూపురంలో ఎస్టీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతాండాం. రూములో ముగ్గురం. ఒకరిది ధర్మవరం పక్క తండా, ఒకరిది పెనుకొండ కింద తండా. మూడో వాళ్ళది ఎరుకల ఇల్లు, హిందూపురం మండలమే గానీ ఆ ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ముగ్గురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. లాప్‌టాప్ ఇంట్లోకి వచ్చింది కూడా మాతోనే. అది ముగ్గురికీ కలిపి ఒకటి.

ఈ పోస్టు ఒకే ఒక్క విషయం గురించి. సెకండ్ హ్యాండు లాప్‌టాప్‌లో తేలికపాటి లినక్స్ వేసుకున్నాక, మూత మూసి పెడితే నిద్రపోతుంది. తెరిస్తే లేవదు. లేదంటే రాత్రికి రాత్రి బ్యాటరీ అయిపోతుంది. లేదంటే సంచీలో దానంతట అదే లేచి కాలిపోతున్నట్టు వేడెక్కుతుంది. మాకు తెలిసిన పిల్లల్లో చానామంది ఈ కష్టం వచ్చినాక చేసింది రెండే పనులు. షాపోడు అడిగినంత ఇచ్చినారు, లేదంటే వచ్చిన రేటుకు అమ్మేసినారు. మూడో దారి ఉండాది. అది చెప్పాలని రాస్తాండాం.

ఇట్లాంటి లాప్‌టాప్‌లు ఇప్పుడు మన చేతికి ఎందుకు వస్తాండాయో ముందు చెప్తాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైకి ఉండాలి. అంతకు ముందువి బాగా పనిచేస్తున్నా ఆఫీసులు తీసేస్తాయి. అవి బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి చోట్లకు చేరతాయి. మాకు బెంగళూరు దూరం కాదు. మా అమ్మానాన్నలు బిల్డింగు పనికి పోయే ఊరే అది. ఒక ఇంట్లో శనక్కాయలు అమ్మిన డబ్బు, ఒక ఇంట్లో బెంగళూరు కూలి, ఒకరి స్కాలర్‌షిప్పులో మిగిలింది, అన్నీ కలిపి 11,500 పెట్టి కొన్నాం. 4 జీబీ ర్యామ్. అందులో జుబుంటు 18.04 అప్పటికే వేసి ఉండింది.

తేలికపాటి లినక్స్ అంటే తెలియని వాళ్ళకు ఒక్క మాట. లినక్స్ అనేది లోపలి కెర్నెల్. దాని మీద పెట్టే డెస్క్‌టాప్ బరువు తక్కువైతే పాత మెషిన్ కూడా పరిగెత్తుతుంది. జుబుంటులో ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటులో ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఇవి అట్లాంటివి. యాంటీఎక్స్, పప్పీ ఇంకా తేలిక. అన్నీ ఫ్రీ. మన తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులోనే వాడుకునే లినక్స్ కూడా తయారు చేసింది. కేరళలో సర్కారు బళ్ళ పిల్లలు ఏళ్ళుగా లినక్స్ మీదే నేర్చుకుంటాండ్రు. కాబట్టి ఇది గతిలేనోళ్ళు వాడేది అని ఎవరన్నా అంటే నమ్మొద్దండి.

మాకు జరిగింది

డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా. మేం ధర్మవరం పక్క తండాలోనే సర్వే చేసినాం. ఇంటింటికీ పోయి నీళ్ళు యాడి నుంచి తెస్తారు, ఎంతమంది వలస పోతారు, బడి మానేసిన పిల్లలు ఎంతమంది అని రాసుకున్నాం. రాత్రిపూట టైపు చేస్తాండాం. హాస్టల్లో పదికి లైట్లు ఆర్పేస్తారు, మూత మూసి పడుకున్నాం. పొద్దున తెరిస్తే తెర నల్లగా ఉండాది. పవర్ లైటు వెలుగుతాంది, ఫ్యాను సన్నగా తిరుగుతాంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. రిపోర్టు ఇచ్చేదానికి నాలుగు రోజులే ఉండాది.

ఒక రిపేరు షాపుకు తీసుకుపోయినాం. ఆయన బటన్ నొక్కి చూసి, బోర్డు పోయింది, 4,500 అవుతుంది, పాతది కొన్నారు కదా ఇంతే అన్నాడు. లినక్స్ అని చెబితే, అందుకే పోయింది, విండోస్ వేస్తా దానికి వేరే డబ్బు అన్నాడు. 4,500 అంటే ఉపాధి పనిలో మా అమ్మ పదిహేను రోజులు మట్టి మోస్తే వచ్చే డబ్బు. మేం లాప్‌టాప్ తీసుకొని వెనక్కి వచ్చేసినాం. అప్పుడు మాకు ధైర్యం ఉండి కాదు, చేతిలో డబ్బు లేక.

వచ్చేటప్పుడు ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. ఇంట్లో మొదటిసారి వచ్చిన వస్తువు చెడిపోతే, చెడగొట్టింది మనమే అనిపిస్తుంది. మనకు వాడటం రాలేదు, మనకు ఇట్లాంటివి సరిపోవు అనిపిస్తుంది. ఇది గ్రూపులో ఉన్నోళ్ళకు వివరంగా చెప్పాల్సిన పని లేదు.

బోర్డు పోలేదు. అసలు ఏమీ పోలేదు. లాప్‌టాప్ పొద్దున్నే లేచింది, తెర ఒక్కటే లేవలేదు. అది మాకు తెలిసింది క్యాప్స్ లాక్ బటన్ వల్ల.

నిద్ర అంటే లోపల జరిగేది

ముందు ఇది అర్థమైతే మిగతాది సులభం. మన అవ్వలు రాత్రి పొయ్యి ఆర్పేస్తారా? ఆర్పరు. నిప్పు మీద బూడిద కప్పి పెడతారు. పొద్దున బూడిద తీసి ఊదితే నిప్పు రాజుకుంటుంది. లాప్‌టాప్ నిద్ర అదే. తెర, ప్రాసెసర్, డిస్కు అన్నీ ఆగిపోతాయి. ర్యామ్‌కు మాత్రం సన్నగా కరెంటు అందుతాంటుంది. మనం తెరిచిన ఫైళ్ళన్నీ ఆ ర్యామ్‌లో ఉంటాయి. దీన్ని ఎస్3 అంటారు, లినక్స్‌లో దీని పేరు డీప్.

ఇంకో రకం ఉండాది. దాని పేరు ఎస్2ఐడిల్. ఇందులో పొయ్యి మీద బూడిద కప్పరు, మంట తగ్గించి సన్న సెగ మీద వదిలేస్తారు. తొందరగా లేస్తుంది, కానీ మెషిన్ బాగా కుదిరకపోతే తెల్లారేసరికి కట్టెలు అయిపోతాయి, అంటే బ్యాటరీ. 2012లో విండోస్ 8తో ఈ పద్ధతి మొదలైంది, ఫోన్ మాదిరి వెంటనే లేవాలని. తర్వాత తర్వాత కొన్ని కంపెనీలు కొత్త లాప్‌టాప్‌లలో ఎస్3ని తీసేసినాయి.

మూడోది హైబర్నేట్. పొయ్యి పూర్తిగా ఆర్పి, కట్టెలు పేర్చి, అగ్గిపెట్టె పక్కన పెట్టడం. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసుకొని కరెంటు మొత్తం ఆపేస్తుంది. ఎన్ని రోజులైనా బ్యాటరీ పోదు, లేచేదానికి మాత్రం టైము పడుతుంది. దీనికి డిస్కులో స్వాప్ అనే జాగా సరిపడా ఉండాలి.

ఈ ఎస్3, ఎస్4 లాంటి పేర్లన్నీ ఏసీపీఐ అనే నియమాల పుస్తకంలోవి. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చినాయి. లాప్‌టాప్ లోపల కంపెనీ వాళ్ళు రాసి పెట్టిన ఫర్మ్‌వేర్ ఉంటుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఈ నియమాల ప్రకారం మాట్లాడుతుంది.

ఇక్కడ మాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉండాది. ఫర్మ్‌వేర్ చాలాసార్లు అడుగుతుంది, నువ్వు విండోసా, ఏ విండోసు అని. లినక్స్ కెర్నెల్ ఏం జవాబిస్తుందో తెలుసా? ఔను, విండోసే అంటుంది. నువ్వు లినక్సా అని అడిగితే కాదంటుంది! ఎందుకంటే చాలా కంపెనీలు విండోస్‌తోనే పరీక్ష చేసి పంపుతాయి. లినక్స్ అని చెబితే ఫర్మ్‌వేర్ ఎవరూ నడిపి చూడని దారిలోకి తీసుకుపోతుంది. అందుకని పని జరగాలంటే విండోస్ పేరే చెప్పాల్సి వస్తుంది.

ఇది తెలిసిన రోజు ముగ్గురం శానాసేపు నవ్వినాం. ఆరో తరగతిలో ఊరి బడికి పోయినప్పుడు ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగితే, తెలుగే సార్ అని చెప్పినోళ్ళం మేం. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, హిందూపురం బజారులో సగం కన్నడ, లాప్‌టాప్ తెర మీద ఇంగ్లీషు. ఎవరితో ఏ భాషలో మాట్లాడితే పని అవుతుందో మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. లినక్స్ కూడా మన మాదిరే నెట్టుకొస్తాంది. నిద్ర దగ్గర తేడాలు వచ్చేది కూడా చాలాసార్లు అందుకే. మెషిన్ వేరే వాళ్ళ కోసం తయారైంది. మన చేతి తప్పు ఏమీ లేదు.

లేవకపోతే ముందు చూడాల్సింది

ఒక మాట. కింద కమాండ్లు మేం రూములో నోటితో ఎట్లా పలుకుతామో అట్లే రాసినాం. ఒకరు చదివితే ఒకరు టైపు చేస్తాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలు వాడండి, పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తాం.

తెర నల్లగా ఉంటే పవర్ బటన్ గట్టిగా పట్టుకొని ఆపే ముందు, క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతాంటే లోపల కెర్నెల్ బతికే ఉండాది. మీ ఫైళ్ళు కూడా ఉండాయి. లేవనిది తెర మాత్రమే. లైటు అసలు మారకపోతే కెర్నెల్ దాకా మన మాట పోవట్లేదని, లోపలే ఇరుక్కుందని అనుకోవచ్చు. కొన్ని లాప్‌టాప్‌లకు ఆ లైటే ఉండదు, అట్లాంటప్పుడు సౌండు తగ్గించి పెంచి చూడండి, ఏదన్నా చప్పుడు వస్తుందేమో.

మా దాంట్లో లైటు వెలిగింది. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 మూడూ కలిపి నొక్కినాం. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో లాగిన్ అడిగింది. షాపులో పోయిందన్న బోర్డు, తెర, అన్నీ ఉండాయన్నమాట. మళ్ళీ కంట్రోల్, ఆల్ట్ పట్టుకొని ఎఫ్7, ఎఫ్8 మార్చి మార్చి నొక్కితే పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చింది. పాస్‌వర్డ్ కొడితే మా రిపోర్టు, రాత్రి ఎక్కడ వదిలినామో అక్కడే ఉండాది. చివరిగా టైపు చేసిన ఎనిమిది ఇళ్ళతో సహా.

కారణం లైట్ లాకర్ అనే చిన్న ప్రోగ్రాం. నిద్ర నుంచి లేచినప్పుడు పాస్‌వర్డ్ తెర చూపించేది అదే. జుబుంటు 18.04లో అదే వచ్చేది. కొన్ని మెషిన్లలో నిద్ర నుంచి లేచినాక అది నల్ల తెర దగ్గరే ఆగిపోతుంది. ఇది చాలామందికి వచ్చిన తెలిసిన జబ్బే. మేం లైట్ లాకర్ తీసేసి ఎక్స్‌స్క్రీన్‌సేవర్ పెట్టినాం. తర్వాత కొత్త జుబుంటు వేసుకున్నాం, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ళ సొంత స్క్రీన్‌సేవరే ఉండాది. లాక్ పూర్తిగా తీసేయొచ్చు గానీ, హాస్టల్లో అందరూ తిరిగే రూములో అది మంచిది కాదు.

క్యాప్స్ లాక్ కూడా పనిచేయకపోతే ఇంకో దారి ఉండాది. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ పట్టుకొని, ఎస్, యు, బి ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగుతూ నొక్కండి. ఎస్ అంటే రాయాల్సింది డిస్కులో రాసెయ్, యు అంటే డిస్కును జాగ్రత్తగా మూసెయ్, బి అంటే మళ్ళీ మొదలుపెట్టు. సేవ్ చేయని పేజీలు పోతాయి కానీ డిస్కు చెడకుండా ఉంటుంది. చిన్న లాప్‌టాప్‌లలో ప్రింట్ స్క్రీన్‌కు ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాల్సి రావచ్చు. దీనికీ పలక్కపోతే అప్పుడే పవర్ బటన్.

దాన్నే అడగాలి

లినక్స్‌లో మాకు నచ్చింది, అడిగితే చెబుతుంది. ఏమైందో రాసి పెట్టుకుంటుంది. ఆపి మళ్ళీ ఆన్ చేసినాక టెర్మినల్ తెరిచి, జర్నల్‌సీటీఎల్, జాగా, మైనస్ బి, జాగా, మైనస్ 1 అని కొట్టండి. జర్నల్‌సీటీఎల్ అంటే జర్నల్ అనే మాట, దానికి కలిపి సి, టి, ఎల్. పోయినసారి ఆన్ చేసినప్పటి నుంచి ఆగిపోయేదాకా జరిగిందంతా వస్తుంది. చివరికి పోయి చూడండి. పీఎం సస్పెండ్ ఎంట్రీ అని ఒక లైను ఉంటుంది, నిద్రలోకి పోయింది అని. తర్వాత పీఎం సస్పెండ్ ఎగ్జిట్ అని ఉంటే లేచింది, తెరో లాకరో లేవలేదు. ఎంట్రీ ఉండి ఎగ్జిట్ లేకపోతే లేవడం దగ్గరే ఇరుక్కుంది. ఎంట్రీ కూడా లేకపోతే అది నిద్రపోనే లేదు. యాంటీఎక్స్ వాడేవాళ్ళకు ఈ కమాండు ఉండదు, అందులో సిస్టమ్‌డీ లేదు. వాళ్ళు స్లాష్ వార్ స్లాష్ లాగ్ ఫోల్డర్లో చూడాలి.

ఇంకో మంచి పరీక్ష. సుడో, ఆర్‌టీసీవేక్, మైనస్ ఎం, మెమ్, మైనస్ ఎస్, 30. ఈ కమాండు కొడితే లాప్‌టాప్ నిద్రపోయి, 30 సెకన్లకు లోపలి గడియారం దాన్ని లేపుతుంది. మూతను ముట్టుకోవద్దు. ఇట్లా లేస్తే కెర్నెల్ సరిగ్గా ఉండాది, గొడవ మూత దగ్గరో, లాకర్ దగ్గరో. ఇట్లా కూడా లేవకపోతే గొడవ లోతుగా ఉండాది, ఎక్కువగా గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర. చేసే ముందు అన్నీ సేవ్ చేసుకోండి.

గ్రాఫిక్స్ మాట వచ్చింది కాబట్టి చెప్తాం. లినక్స్ ఎక్కించేటప్పుడు తెర రాకపోతే నోమోడ్‌సెట్ అనే మాట పెట్టి ఎక్కిస్తారు. షాపుల్లో, వీడియోల్లో అట్లే చేస్తారు. అది ఎక్కించేదానికి మాత్రమే. దాన్ని అట్లే వదిలేస్తే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా పనిచేయదు, నిద్ర నుంచి తెర లేవదు. స్లాష్ ఈటీసీ స్లాష్ డీఫాల్ట్ స్లాష్ గ్రబ్ ఫైలు సుడో నానోతో తెరిచి చూడండి. అందులో గ్రబ్ సీఎండీలైన్ లినక్స్ డీఫాల్ట్ అనే లైనులో నోమోడ్‌సెట్ ఉంటే తీసేసి, సేవ్ చేసి, సుడో అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. అప్‌డేట్‌కూ గ్రబ్‌కూ మధ్య గీత ఉంటుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ పోతే

పెనుకొండ కింద తండా నుంచి మా రూమువాడి అక్క ఒకామె, ఇంటి నుంచే డేటా ఎంట్రీ చేస్తుంది. ఇది 2019 ప్రాంతం లాప్‌టాప్, లుబుంటు వేసి ఉండాది. రాత్రి మూత మూసేటప్పుడు 80 శాతం, పొద్దున ఆరుకు 31 శాతం. తండాలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పొద్దున బ్యాటరీ లేకపోతే ఆమెకు ఆ పూట పని లేదు, డబ్బు లేదు.

మేం ఆదివారం ప్యాసింజరెక్కి పోయి చూసినాం. క్యాట్, జాగా, స్లాష్ సిస్ స్లాష్ పవర్ స్లాష్ మెమ్ కింద గీత స్లీప్ అని కొట్టినాం. సిస్ అంటే ఎస్, వై, ఎస్. తెర మీద రెండు మాటలు వచ్చినాయి, ఎస్2ఐడిల్, డీప్. చదరపు బ్రాకెట్లో ఏది ఉంటే అది ఇప్పుడు వాడుతున్నది. ఆమెది ఎస్2ఐడిల్ మీద ఉండాది. సన్న సెగ మీద వదిలేసిన పొయ్యి.

ముందు ఒక్కసారికి మార్చి చూసినాం. ఎకో, జాగా, డీప్, నిలువు గీత, సుడో టీ, జాగా, మళ్ళీ అదే ఫైలు పేరు. ఇట్లా మార్చింది రీస్టార్ట్ చేస్తే పోతుంది, కాబట్టి భయం లేదు. రెండుసార్లు నిద్రపుచ్చి లేపినాం. బాగా లేచింది. అప్పుడు గ్రబ్ ఫైల్లో అదే లైనులో కోట్స్ లోపల మెమ్ స్లీప్ డీఫాల్ట్ ఈక్వల్ డీప్ అని చేర్చినాం, మూడు మాటల మధ్యా కింద గీతలు. సుడో అప్‌డేట్ గ్రబ్. మరుసటి పొద్దున ఆమె ఫోన్ చేసింది. 80 పెట్టి పడుకుంటే 76 ఉండాదంట. ఫైల్లో ఒక మాట మార్చినందుకు ఆమెకు పొద్దుటి పని దక్కింది.

అందరికీ ఇంత సులభంగా కుదరదు. మా జూనియర్ తమ్ముడిది కొత్త లాప్‌టాప్. అందులో అదే కమాండు కొడితే ఎస్2ఐడిల్ ఒక్కటే వచ్చింది, డీప్ లేదు. ఫర్మ్‌వేర్లోనే ఎస్3 లేకపోతే మనం గ్రబ్‌లో ఏం రాసినా రాదు. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో బయోస్‌లోకి పోతే కాన్ఫిగ్, పవర్ కింద స్లీప్ స్టేట్ అని ఉంటుంది. అక్కడ లినక్స్ అని ఎంచుకుంటే ఎస్3 వస్తుంది. 2018లో వచ్చిన ఎక్స్1 కార్బన్‌కు మొదట ఇది లేకుండింది, వాడేవాళ్ళు గట్టిగా అడిగినాక బయోస్ అప్‌డేట్‌లో ఇచ్చినారు. తమ్ముడి దాంట్లో అది కూడా లేదు. కాబట్టి అతను రాత్రి పూర్తిగా షట్‌డౌన్ చేస్తాడు. ఎస్‌ఎస్‌డీ ఉండాది, తిరిగి ఆన్ అయ్యేదానికి ఎక్కువసేపు పట్టదు. చేయగలిగింది అంతేనని తెలుసుకోవడం కూడా మంచిదే, ఊరికే డబ్బు పోదు.

సంచీలో లేచి వేడెక్కితే

ఇది మా లాప్‌టాప్‌కే వచ్చింది. సెలవులకు హిందూపురంలో మూత మూసి సంచీలో పెట్టుకొని రైలెక్కినాం. పెనుకొండ దాటినాక సంచీ ఒడిలో పెట్టుకున్నోనికి కాళ్ళు కాలినాయి. ధర్మవరంలో దిగి చూస్తే ఫ్యాను గిర్రున తిరుగుతాంది, బ్యాటరీ సగం పోయింది. అది దారిలో ఎప్పుడో లేచింది. గుడ్డ సంచీలో గాలి ఆడక వేడెక్కింది. ఇది మామూలుగా తీసుకోవద్దండి. వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది.

లాప్‌టాప్‌ను ఎవరెవరు లేపొచ్చో ఒక పట్టిక ఉంటుంది. క్యాట్, స్లాష్ ప్రోక్ స్లాష్ ఏసీపీఐ స్లాష్ వేకప్ అని కొడితే వస్తుంది. మూత పేరు లిడ్. ఎక్స్‌హెచ్‌సీ, ఈహెచ్‌సీ1 లాంటివి యూఎస్‌బీకి సంబంధించినవి. పేరు పక్కన ఎనేబుల్డ్ అని ఉంటే దానికి లేపే హక్కు ఉండాది. మాకు అర్థమైంది ఏంటంటే, వైర్‌లెస్ మౌస్ ముక్క లాప్‌టాప్‌కే ఉండాది, మౌస్ అదే సంచీలో. రైలు ఊగినప్పుడల్లా మౌస్ కదిలి లేపుతాంది.

ఎకో, పెద్దక్షరాల్లో ఎక్స్‌హెచ్‌సీ, నిలువు గీత, సుడో టీ, ఆ వేకప్ ఫైలు. ఒకసారి కొడితే హక్కు పోతుంది, మళ్ళీ కొడితే వస్తుంది. రీస్టార్ట్ చేస్తే మామూలే అవుతుంది. ఇవన్నీ కాకుండా సులభమైన పని, మౌస్ ముక్క పీకేసి సంచీలో పెట్టడం. మేం అదే చేస్తాండాం. దూరం పోయేటప్పుడు మాత్రం నిద్రను నమ్మకుండా షట్‌డౌన్ చేస్తాం.

చిన్నవి రెండు

లేచినాక వైఫై రాకపోతే, సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్ కొట్టండి. ఇందులో నెట్‌వర్క్‌లోని ఎన్, మేనేజర్‌లోని ఎం పెద్దక్షరాలు, రెండూ కలిపి ఒకే మాట. చాలాసార్లు దీనితో వస్తుంది. లాప్‌టాప్ మొత్తం రీస్టార్ట్ చేయాల్సిన పని ఉండదు.

మూత తెరవగానే లేచి, మళ్ళీ వెంటనే నిద్రపోతాంటే, మూతను ఇద్దరు కాపలా కాస్తాండ్రని అర్థం. సిస్టమ్‌డీ ఒకరు, డెస్క్‌టాప్ పవర్ మేనేజర్ ఒకరు. ఇద్దరూ చెరొకసారి నిద్రపొమ్మంటారు. ఒకరినే ఉంచండి. పవర్ మేనేజర్ సెట్టింగుల్లో మూత మూస్తే ఏమీ చేయొద్దు అని పెడితే సిస్టమ్‌డీ ఒక్కటే చూసుకుంటుందా అని మీ మెషిన్లో పరీక్షించి చూడండి. అప్పటికీ కుదరకపోతే సిస్టమ్‌డీ వైపు లాగిన్‌డీ ఫైల్లో మార్చాలి.

నోటుబుక్కు

రిపోర్టు టైముకే ఇచ్చినాం. అందులో నీళ్ళ సంగతి, వలస సంగతి అన్నీ ఉండాయి. ఆ 4,500 మిగిలినాయి. కానీ మాకు అంతకంటే ఎక్కువ అనిపించింది ఒకటి ఉండాది. షాపాయన బటన్ నొక్కి ఒక నిమిషంలో తీర్పు చెప్పినాడు, మేం తలాడించి వచ్చినాం. చదువుకున్నోళ్ళు, తెలిసినోళ్ళు ఏదన్నా చెబితే, ఎందుకు అని అడగడం మన ఇళ్ళలో అలవాటు లేదు. ఆఫీసులోనైనా, ఆస్పత్రిలోనైనా అంతే. లాప్‌టాప్‌ను మాత్రం ఎంతసేపైనా అడగొచ్చు. అది కసురుకోదు, మీదే కులం, మీదే ఊరు అని అడగదు. రాసి పెట్టుకున్నదంతా చూపిస్తుంది. అట్లా అడిగి అడిగి మాకు ఒక అలవాటు వచ్చింది. మొన్న స్కాలర్‌షిప్పు ఆగిపోతే కూడా కౌంటర్ దగ్గర, ఎక్కడ ఆగింది సార్, ఏ తేదీన, ఏ కారణం రాసినారు అని అడిగినాం. కారణం చెప్పినారు. పేరులో ఒక అక్షరం తేడా. దిద్దించుకున్నాం.

మా రూములో ఒక నోటుబుక్కు పెట్టినాం. నాలుగు గడులు. ఏ లాప్‌టాప్, ఏ లినక్స్. ఏమైంది, క్యాప్స్ లాక్ వెలిగిందా లేదా. ఏం మార్చినాం. మార్చినాక ఏమైంది. ఒకసారికి ఒకటే మారుస్తాం, రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. మార్చే ముందు ఆ ఫైలు కాపీ ఒకటి పెట్టుకుంటాం. ఇప్పటికి పదకొండు లాప్‌టాప్‌లు అందులో ఉండాయి. ఎనిమిది బాగైనాయి. రెండు రాత్రిపూట షట్‌డౌన్ చేసుకొని వాడుకుంటాండ్రు. ఒకదానికి మాత్రం నిజంగానే బోర్డు పోయింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారిలో ఉండాయి. మేం శని, ఆదివారాలు ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట ఉంటాం. మీ దాంట్లో ఇట్లాంటిది ఏదన్నా ఉంటే షాపుకు పోయే ముందు మాకు చెప్పండి. డబ్బు వద్దు. వచ్చేటప్పుడు చార్జర్ తెచ్చుకోండి, పాస్‌వర్డ్ గుర్తు పెట్టుకోండి, మూత ఎప్పుడు మూసినారో టైము రాసుకొని రండి. టైపు మీరే చేయాల. పక్కన కూర్చొని చదివి చెప్పేది మేం.